రికార్డో సిద్ధాంతం 1817లో వస్తే, మన్రో రైత్వారీ 1800లోనే ఎలా పెట్టాడు?

విభాగం: చరిత్ర, ఆర్థికం

పెన్నా_ఒడ్డు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను గ్రూప్స్‌కి చదువుతున్నాను, మాది జమ్మలమడుగు దగ్గర. ఎకానమీ పుస్తకంలో రికార్డో భాటక సిద్ధాంతం (భాటకం అంటే భూమికి వచ్చే రెంట్) రెండు పేజీలు, ఒక పటం ఉంది. హిస్టరీ పుస్తకంలో రైత్వారీ, అంటే సర్కారు నేరుగా రైతుతోనే శిస్తు ఖరారు చేసుకునే పద్ధతి, ఒక పేరా. ఆ పేరాలో "రికార్డో సిద్ధాంతం ఆధారంగా థామస్ మన్రో రైత్వారీని ప్రవేశపెట్టాడు" అని ఉంది. కోచింగ్‌లో కూడా ఇదే చెప్పారు, బిట్ కూడా ఇచ్చారు.

నా డౌట్ ఏంటంటే, రికార్డో పుస్తకం 1817లో వచ్చింది. దత్తమండలాలను (మన సీమ వైపు) నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చింది 1800లో, మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉన్నది 1807 వరకు. రాని పుస్తకాన్ని చూసి శిస్తు ఎలా కట్టారు? రికార్డోకీ మనకీ అసలు సంబంధం ఉందా లేదా?

ఎకనామిక్స్_మేడమ్ | ఆదివారం, రాత్రి 10:05

సంబంధం ఉంది, కానీ ఆ బిట్‌లో చెప్పినట్టు కాదు. ముందు ఆ సిద్ధాంతం ఏ గొడవలోంచి పుట్టిందో చూడండి.

నెపోలియన్‌తో యుద్ధం నడిచినన్నాళ్ళూ ఇంగ్లండ్‌లోకి బయటి గోధుమలు సరిగా రాలేదు. క్వార్టర్ (అప్పటి ధాన్యం కొలత) ధర 100 షిల్లింగులు దాటిన ఏళ్ళున్నాయి. భూస్వాములకు పండగ. యుద్ధం ముగిసేసరికి ధర పడింది, వాళ్ళకు టెన్షన్ మొదలైంది. పార్లమెంటు నిండా వాళ్ళే కాబట్టి 1815లో ధాన్య చట్టం తెచ్చుకున్నారు. క్వార్టర్ ధర 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమలు ఇంగ్లండ్‌లో అమ్మకూడదు. మిల్లు యజమానులు మండిపడ్డారు. రొట్టె ధర పెరిగితే కూలి పెంచాలి, కూలి పెరిగితే లాభం పోతుంది.

ఈ తగువు మధ్యలో, 1815 ఫిబ్రవరి ఒక్క నెలలోనే మాల్థస్, ఎడ్వర్డ్ వెస్ట్, రికార్డో విడివిడిగా చిన్న పుస్తకాలు అచ్చేశారు. భాటకం ఎలా పుడుతుందన్న దాంట్లో ముగ్గురిదీ దాదాపు ఒకే లెక్క. చట్టం ఉండాలా వద్దా అన్న దగ్గర మాల్థస్ భూస్వాముల వైపు, మిగతా ఇద్దరూ చట్టానికి ఎదురు. (ఈ వెస్ట్ తర్వాత బొంబాయి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా వచ్చి 1828లో ఈ దేశంలోనే చనిపోయాడు. చాలామందికి తెలియదు.)

లెక్క ఇదీ. మూడు పొలాలున్నాయి, ఒక్కోదానికి సాగు ఖర్చు 6 బస్తాల విలువ అనుకోండి. మొదటి పొలం 10 బస్తాలు పండుతుంది, రెండోది 8, మూడోది 6. జనం పెరిగి మూడో పొలం కూడా దున్నక తప్పకపోతే, ధాన్యం ధర ఆ మూడో పొలం ఖర్చు దగ్గర నిలుస్తుంది. మూడోదానికి భాటకం సున్నా, రెండోదానికి 2 బస్తాలు, మొదటిదానికి 4. ఆ నాలుగు బస్తాల కోసం భూస్వామి చేసిందేమీ లేదు. భాటకం వల్ల ధాన్యం ధర పెరగదు, ధర పెరగడం వల్లే భాటకం వస్తుంది. అందుకని ఆ మిగులు మీద ఎంత పన్ను వేసినా సాగు ఒక్క సెంటు తగ్గదు, ధర ఒక్క పైసా పెరగదు.

ఈ చివరి వాక్యం దగ్గర ఆగండి. మన కథంతా దీనితోనే మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో భూస్వాములను ఇరుకున పెట్టడానికి వాడిన తర్కం ఇది. కంపెనీ పాలనలో ప్రభుత్వం తానే భూస్వామినని చెప్పుకుని, అదే తర్కంతో రైతు మీదికి వచ్చింది. సరదా ఏంటంటే రికార్డో స్టాక్ బ్రోకర్‌గా బాగా సంపాదించి, ఈ పుస్తకాలు రాసేనాటికి తానూ ఎస్టేటు కొనుక్కున్న భూస్వామే.

పాత_అడంగల్ | ఆదివారం, రాత్రి 10:48

బాబూ, రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి మన్రో సంగతి నేను చెప్తాను. మేడమ్ గారు సిద్ధాంతం చూసుకుంటారు.

మన్రో ఏ పుస్తకం చూసీ రైత్వారీ పెట్టలేదు. 1792 నుంచి బారామహల్‌లో, అంటే ఇప్పటి సేలం, కృష్ణగిరి వైపు, కెప్టెన్ రీడ్ కింద పనిచేశాడు. ఒక్కో రైతుతో విడిగా శిస్తు ఖరారు చేసుకునే పద్ధతి అక్కడే కుదిరింది. దత్తమండలాలకు వచ్చాక పొలం పొలం కొలిపించి, రకాలు కట్టించాడు. ఆ రేటు ఎక్కువైందని ఆయనకే అర్థమైంది. 1807లో వెళ్ళేముందు మద్రాసుకు రాసిన ప్రతిపాదనలో, మొత్తం పంటలో ప్రభుత్వ భాగం సుమారు 45 శాతం అవుతోంది, దాన్ని మూడోవంతుకు దించాలి అన్నాడు. అందుకోసం అన్ని భూములకూ 25 శాతం తగ్గింపు, చెరువు, బావి కింద భూములకు పైన ఇంకో 8 శాతం. మూడోవంతు దాటితే రైతుకు భూమి మీద హక్కంటూ మిగలదని, అమ్ముకోవడానికి విలువే ఉండదని ఆయన వాదన.

పైవాళ్ళు ఒప్పుకోలేదు. రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చారు. మన్రో 1820లో గవర్నరై వచ్చాకే మళ్ళీ గట్టిగా నిలబడింది.

గమనించు. మన్రో మాట్లాడింది మొత్తం పంటలో భాగం గురించి. రికార్డో లెక్క ఖర్చులు పోను మిగులు గురించి. రెండూ వేరు.

సీమ_సిసింద్రీ | ఆదివారం, రాత్రి 11:02

మా పత్తికొండలోనే పోయాడు మన్రో, 1827 జులైలో, కలరాతో. మా వైపు ఆయన పేరు మీద మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్నారట. శిస్తు వసూలు చేసినోడి పేరు పెట్టుకోవడం మా సీమోళ్ళకే చెల్లింది 😄

ఎర్ర_గన్నేరు | సోమవారం, ఉదయం 7:30

అడంగల్ సార్ చెప్పింది కరెక్టే, కానీ కథను 1807లో ఆపేస్తే సిద్ధాంతం చేతులు కడుక్కున్నట్టే. రికార్డో పుస్తకం వచ్చాక ఏం జరిగిందో చూడాలి.

జేమ్స్ మిల్. రికార్డోకు ప్రాణస్నేహితుడు, ఆ పుస్తకం రాయమని వెంటపడి రాయించినవాడు. భారతదేశంలో అడుగు పెట్టకుండానే భారతదేశ చరిత్ర రాశాడు, 1819లో లండన్ ఇండియా హౌస్‌లో, అంటే కంపెనీ హెడ్డాఫీసులో, ఉద్యోగంలో చేరాడు, 1830 నాటికి ఆ ఆఫీసులో పెద్ద పదవిలో ఉన్నాడు. రెవెన్యూ ఉత్తరాలు ఆయన చేతిమీదుగా వెళ్ళేవి. 1831లో పార్లమెంటు కమిటీ ముందు ఆయన చెప్పింది ఏంటి? భూమి భాటకం ప్రభుత్వానికి దొరికే ఆదాయాలన్నిటిలో ఉత్తమమైనది, దాన్ని తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు అని. ఇంగ్లండ్‌లో భూస్వాముల ఆస్తి ముట్టుకోలేరు కదా, ఇక్కడైతే అడిగేవాడెవడు?

ఇంకొకటి. కంపెనీ ఉద్యోగులకు చదువు చెప్పడానికి హెయిలీబరీలో కాలేజీ పెట్టారు. అక్కడ 1805 నుంచి 1834లో చనిపోయేదాకా ఎకనామిక్స్ చెప్పింది మాల్థస్. మన కలెక్టర్లలో ఒక తరానికి తరం ఆయన ముందు కూర్చుని నోట్స్ రాసుకున్నవాళ్ళు. ఇక్కడికొచ్చి కరువు చూస్తే వాళ్ళకు జనాభా ఎక్కువైనట్టు కనిపించిందంటే ఆశ్చర్యమేముంది?

టెక్సాస్_తెలుగోడు | సోమవారం, ఉదయం 8:15

గన్నేరు అన్నా, మీరు ప్రతిదానికీ పుస్తకాన్ని ముద్దాయిని చేస్తారు. కంపెనీకి సైన్యం ఖర్చుంది, మైసూరు యుద్ధాలు, మరాఠా యుద్ధాలు, షేర్‌హోల్డర్లకు డివిడెండు. డబ్బు కావాలి, భూమి తప్ప ఇంకో పెద్ద ఆదాయం లేదు. రికార్డో పుట్టకపోయినా అంతే పిండేవాళ్ళు. నిజాం తీసుకోలేదా, టిప్పు తీసుకోలేదా? వాళ్ళు ఏ ఎకనామిక్స్ చదివారు? చేసే పనికి ఒక పెద్దమనిషి సర్టిఫికెట్ కావాల్సొచ్చింది, రికార్డో దొరికాడు.

పాత_అడంగల్ | సోమవారం, ఉదయం 9:40

తీసుకున్నారు, కాదనను. అయితే పాతకాలంలో చాలాచోట్ల పంటలో పాలు. పండకపోతే రాజుకీ తగ్గేది. కంపెనీది రూపాయల్లో ఖరారు చేసిన శిస్తు. వాన పడకపోతే తగ్గింపు ఇవ్వాలా వద్దా అన్నది జమాబందీలో, అంటే ఏటా శిస్తు లెక్క తేల్చేటప్పుడు, కలెక్టరు దయ. పైగా 1820ల నుంచి మద్రాసు రాజధానిలో ధాన్యం ధరలు ఏళ్ళ తరబడి పడిపోయాయి. శిస్తు రూపాయి మారలేదు గానీ, ఆ రూపాయి కట్టడానికి రైతు అమ్మాల్సిన గింజలు పెరుగుతూ పోయాయి. కాగితం మీద రేటు పెంచకుండానే భారం పెరిగింది.

వసూలు ఎలా జరిగిందో కూడా రికార్డులోనే ఉంది. మద్రాసు ప్రభుత్వమే ఒక కమిషన్ వేసింది, 1855లో రిపోర్టు ఇచ్చింది. శిస్తు కోసం రైతులను వంచి కట్టేయడం, ఎండలో నిలబెట్టడం, వేళ్ళు నొక్కడం జరిగేవని ఒప్పుకున్నారు. కింది నౌకర్లే చేశారని రాసి తెల్లదొరలను తప్పించారనుకో.

ఎకనామిక్స్_మేడమ్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

టెక్సాస్ గారి మాటలో సగం ఒప్పుకుంటాను. డబ్బు అవసరం సిద్ధాంతం కన్నా ముందుంది. కానీ "సర్టిఫికెట్ మాత్రమే" అంటే కుదరదు. సిద్ధాంతాన్ని పట్టుకుని నిజంగా పొలాల్లోకి దిగిన ఉదాహరణ ఒకటుంది. మన దగ్గర కాదు, పూనా వైపు.

ఆర్.కె. ప్రింగిల్ అని హెయిలీబరీలో చదివిన కుర్ర అధికారి. 1824 నుంచి 1828 దాకా పూనా ప్రాంతంలో సర్వే చేశాడు. పద్ధతి అచ్చంగా రికార్డోది. ప్రతి రకం నేలకూ పంట ఎంత, సాగు ఖర్చు ఎంత అని లెక్కగట్టి, ఖర్చులు పోను మిగిలినదాంట్లో 55 శాతం ప్రభుత్వానికి అన్నాడు. కాగితం మీద చూస్తే మన్రో కన్నా న్యాయంగానే ఉంది, రైతు ఖర్చు రైతుకు వదిలేసి మిగులే కదా తీసుకుంటున్నది.

ఆ మిగులు ఎంతో ఎవరు చెప్పాలి? రైతు, పెళ్ళాం, పిల్లలు పొలంలో చేసిన పనికి కూలి ఎంత వేయాలి? ఇంట్లో ఎద్దులకు అద్దె కట్టాలా? పెంట ఎరువుకు ధర ఎంత? ఏ ఏడాది పంటను సగటు అనుకోవాలి? వేలాది పొలాలకు ఈ అంకెలన్నీ కింది ఉద్యోగులు రాశారు. లంచం ఇచ్చినవాడి నల్లరేగడి నాసిరకమైంది, ఇవ్వనివాడి గరపనేల మొదటి రకమైంది. 1830 నుంచి ఆ రేట్లు అమలుచేస్తే భూములు బీడు పడ్డాయి, జనం ఇళ్ళు వదిలి పక్క సంస్థానాలకు పారిపోయారు.

తర్వాత 1835లో ఇందాపూర్ తాలూకాలో వింగేట్, గోల్డ్‌స్మిడ్ మళ్ళీ మొదలుపెట్టారు. వీళ్ళు మిగులు లెక్క జోలికే పోలేదు. ఆ ఊరు గతంలో ఎంత కట్టగలిగింది, ఎప్పుడు కట్టలేక చేతులెత్తేసింది, మార్కెట్టు ఎంత దూరం, ఇవి చూసి ఒక రేటు వేసి 30 ఏళ్ళు కదపమన్నారు. సిద్ధాంతంగా చూస్తే వీళ్ళది నాటు వైద్యం. నిలబడింది ఇదే.

రికార్డో లెక్కలో భూస్వామి వేరు, పెట్టుబడి పెట్టి కౌలుకు చేసేవాడు వేరు, కూలివాడు వేరు. ముగ్గురికీ వేరువేరు ఆదాయాలు కాబట్టి భాటకం విడిగా కనబడుతుంది. మన రైతులో ఈ ముగ్గురూ ఒకడే. అతని గింజల్లో ఏది కూలి, ఏది లాభం, ఏది భాటకం అని విడదీయడానికి గీత ఎక్కడ గీస్తారు?

దీన్ని ఆ రోజుల్లోనే పట్టుకున్నవాడు రిచర్డ్ జోన్స్. 1831లో భాటకం మీద పుస్తకం రాశాడు. ప్రపంచంలో ఎక్కువ భాగం రికార్డో చెప్పిన రకం కౌలు నడవదని, రైతు వేరే బతుకుతెరువు లేక భూమిని పట్టుకుని ఉంటాడని, అతను ఎంత కట్టాలో ఆచారం, అధికారం తేలుస్తాయని చెప్పాడు. అందులో "రయ్యత్ భాటకం" అని ఒక రకాన్నే విడిగా పెట్టాడు. 1835లో హెయిలీబరీలో మాల్థస్ కుర్చీ ఈయనకే ఇచ్చారు. మన సిలబస్‌లో జోన్స్ పేరే లేదు, నాకు ఎప్పుడూ బాధ అనిపిస్తుంది.

పెన్నా_ఒడ్డు | సోమవారం, మధ్యాహ్నం 2:05

మేడమ్, చాలా థ్యాంక్స్. అయితే మన మద్రాసు వైపు మిగులు లెక్క రానే లేదా? అడంగల్ సార్, "తరం" అంటారు కదా, అది ఏంటి?

పాత_అడంగల్ | సోమవారం, సాయంత్రం 6:30

వచ్చింది, ఆలస్యంగా. 1855 తర్వాత మొదలైన సర్వే సెటిల్‌మెంటులో. 1864 నుంచి ఖర్చులు పోను మిగిలినదాంట్లో సగానికి మించకూడదని నియమం. నేల రకాన్ని బట్టి ఎకరాకు పంట అంచనా కట్టి, గత 20 ఏళ్ళ సగటు ధర వేసి, అందులో వ్యాపారి లాభం, సాగు ఖర్చు, వానలు రాని ఏళ్ళకు కొంత తీసేసి, మిగిలినది సగం చేసేవాళ్ళు. వచ్చిన అంకెను దగ్గర్లో ఉన్న రేటుకు సర్దేస్తారు. ఆ రేట్ల మెట్లే తరాలు. డైగ్లాట్‌లో, అంటే సెటిల్‌మెంటు రిజిస్టరులో, ప్రతి సర్వే నంబరుకు ఎదురుగా మెట్టో మాగాణో, తరం, ఎకరా రేటు, మొత్తం శిస్తు ఉంటాయి. నేను సర్వీసులో ఉన్నప్పుడు కూడా భూమి తగువు వస్తే ముందు తీసేది అదే.

ఇక్కడా అసలు చిక్కు సాగు ఖర్చే. ఒక్క రూపాయి తక్కువ రాస్తే అందులో అర్ధరూపాయి శిస్తుగా రైతు నెత్తిన పడుతుంది.

ఎర్ర_గన్నేరు | సోమవారం, రాత్రి 8:10

శిస్తు దగ్గరే ఉండిపోతే ఇంకో హత్య మరుగున పడుతుంది. ధాత కరువు, 1876-78. బళ్ళారి, కర్నూలు, కడప జనం పిట్టల్లా రాలిపోయారు. వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసుకుంటున్నాడు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు, ధరే అన్నీ చూసుకుంటుంది. ఇది ఆడమ్ స్మిత్ సూక్తి. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ధాన్యం కొనబోతే మందలించారు. సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపించి రిలీఫ్ పనుల కూలి కోయించారు. రోజంతా రాళ్ళు కొట్టే మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే 450 గ్రాములు. అదే కరువులో 3 లక్షల టన్నుల పైచిలుకు గోధుమలు ఇంగ్లండ్ వెళ్ళాయి. ఇప్పుడు చెప్పండి టెక్సాస్ గారూ, ఇది కూడా సర్టిఫికెట్టేనా?

టెక్సాస్_తెలుగోడు | సోమవారం, రాత్రి 9:25

లిట్టన్‌ను నేను వెనకేసుకురాను. కానీ స్మిత్‌ను ఈ కేసులో ఇరికించే ముందు స్మిత్ ఏం రాశాడో చదవాలి. 1776 పుస్తకంలోనే బెంగాల్ కరువు గురించి ఉంది. అనావృష్టి వల్ల కొరత వచ్చి ఉండొచ్చు, కంపెనీ నౌకర్లు బియ్యం వ్యాపారం మీద పెట్టిన తెలివితక్కువ ఆంక్షలు ఆ కొరతను కరువుగా మార్చడానికి తోడ్పడ్డాయి అంటాడు. అంటే ఆయన కంపెనీని తిడుతున్నాడు. కంపెనీ గుత్తాధిపత్యానికి స్మిత్ అంత శత్రువు ఇంకొకడు లేడు. వందేళ్ళ తర్వాత అదే పేరాను తెచ్చి, పైసా ఖర్చు పెట్టకుండా ఉండటానికి వాడుకుంటే తప్పు ఎవరిది? అఫ్ఘన్ యుద్ధానికి డబ్బు దాచుకోవాలి లిట్టన్‌కు. అది అసలు కారణం.

టెంపుల్ సంగతి కూడా మొత్తం చెప్పాలి అన్నా. 1873-74లో బీహార్‌లో కరువు వస్తే ఇదే మనిషి బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు, చావులు చాలా తక్కువ. దానికి మెచ్చుకోలు రాకపోగా డబ్బు తగలేశావని చీవాట్లు పడ్డాయి. 1877లో అందుకే అంత పిసినారితనం చూపించాడు.

ఎకనామిక్స్_మేడమ్ | సోమవారం, రాత్రి 10:40

బీహార్ విషయం బాగా గుర్తుచేశారు. వ్యాపారంలో జోక్యం చేసుకుంటే అనర్థం అన్న సిద్ధాంతానికి మూడేళ్ళ ముందే ఎదురు సాక్ష్యం ఉందన్నమాట. దాన్ని పాఠంగా కాకుండా తప్పుగా లెక్కవేశారంటే, సిద్ధాంతం ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. మీ వాదనకే అది ఎదురు తిరుగుతుంది.

స్మిత్ తర్కంలో ఒక ఖాళీ మాత్రం ఉంది. ధర పెరిగితే జనం తక్కువ తింటారు, ధాన్యం ఉన్నచోటి నుంచి లేనిచోటికి వస్తుంది, అలా కొరత సర్దుకుంటుంది అంటాడు. కొనేవాడి చేతిలో డబ్బు ఉంటేనే గదా వచ్చేది. రైలు గుత్తి మీదుగా రాయచూరు దాకా 1871కే పడింది, ధాన్యం స్టేషన్ల దాకా వచ్చేది. కర్నూలు ఊరికి అప్పటికి రైలే లేదు. మెట్ట సేద్యం పోయాక కూలీకి కూలి లేదు. ఊళ్ళో బట్ట కొనేవాడు లేక నేతగాడి మగ్గం ఆగింది. బజార్లో గింజలున్నా వీళ్ళకు అందవు. 1981లో అమర్త్య సేన్ 1943 బెంగాల్ కరువు మీద పనిచేసి దీన్నే సిద్ధాంతంగా నిలబెట్టాడు.

నిద్ర_లేని_నీరజ | సోమవారం, రాత్రి 11:15

మధ్యలో దూరుతున్నందుకు సారీ. జెవాన్స్ కూడా మన కరువుల మీద రాశాడని ఎక్కడో విన్నాను, నిజమేనా? ఉపాంత ప్రయోజనం జెవాన్సేనా?

ఎకనామిక్స్_మేడమ్ | మంగళవారం, ఉదయం 6:50

ఆయనే నీరజా. 1871లో ఉపాంత ప్రయోజనం (ఒక వస్తువు ఇంకొకటి అదనంగా దొరికితే కలిగే తృప్తి) పుస్తకం, ఆ దశాబ్దం చివర్లో సూర్యుడి మచ్చలు. మచ్చలు పది పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి, దాన్నిబట్టి భారతదేశంలో పంటలు, కరువులు వస్తాయి, ఇక్కడివాళ్ళు బట్ట కొనలేకపోతే లాంకషైర్ మిల్లులు దెబ్బతిని ఇంగ్లండ్‌లో వాణిజ్య సంక్షోభం వస్తుంది అని. నవ్వొస్తుంది గానీ, మన రైతు జేబుకూ మాంచెస్టర్ మందగమనానికీ ముడి ఉందని చూశాడు. ఆ జేబు ఎందుకు ఖాళీ అయిందో మాత్రం సూర్యుణ్ణి అడిగాడు.

అదే సమయంలో ఇక్కడివాళ్ళు వేరే లెక్క వేస్తున్నారు. దాదాభాయి నౌరోజీ 1876లో చదివిన పత్రంలో తలసరి ఉత్పత్తి ఏడాదికి 20 రూపాయలు అని తేల్చాడు. పక్కనే జైల్లో ఖైదీ తిండికి, బట్టకు సర్కారు పెట్టే ఖర్చు చూపించాడు. ఖైదీ ఖర్చే ఎక్కువ. ఇంగ్లండ్ ఆచార్యుల సూత్రాలతో పోట్లాడకుండా, సర్కారు సొంత అంకెలతోనే సర్కారును నిలదీశాడు. సిద్ధాంతంతో నేరుగా తలపడింది రనడే, 1892లో పూనా దక్కన్ కాలేజీ ఉపన్యాసంలో. ఇంగ్లండ్ పరిస్థితుల్లోంచి తీసిన సూత్రాలు అన్ని దేశాలకూ, అన్ని కాలాలకూ వర్తించవు అన్నాడు. దేశీ పరిశ్రమలకు సుంకాల రక్షణ కావాలన్న జర్మన్ ఆర్థికవేత్త ఫ్రెడరిక్ లిస్ట్ 1841లో చెప్పినదానికి దగ్గర వాదన.

టెక్సాస్_తెలుగోడు | మంగళవారం, ఉదయం 8:05

లిస్ట్ పేరు చెప్పి టారిఫ్‌లు, లైసెన్సులు, పర్మిట్లు 1991 దాకా మోశాం మేడమ్. ఆ బిల్లు ఎవరు కట్టాలి?

ఎర్ర_గన్నేరు | మంగళవారం, ఉదయం 8:11

వచ్చేసింది లైసెన్స్ రాజ్. మీరు ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే చేరతారని నిన్ననే అనుకున్నా.

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 8:30

1991 గురించి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ శిస్తు, భాటకం, కరువు వరకే.

పెన్నా_ఒడ్డు | మంగళవారం, మధ్యాహ్నం 12:45

చివరిగా ఒకటి. కోస్తాలో జమీందారీ పెట్టారు కదా, దాని వెనక కూడా ఏదైనా సిద్ధాంతం ఉందా? లేక అది ఉత్తి కంపెనీ సౌకర్యమా?

ఎకనామిక్స్_మేడమ్ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

ఉంది, రికార్డో కన్నా పాతది. ఫ్రాన్స్‌లో కెనే బృందం, అంటే ఫిజియోక్రాట్లు, 1758 నుంచి చెప్పిన మాట: అసలు మిగులు భూమి నుంచే వస్తుంది, కాబట్టి భూమి యజమానికి హక్కు స్థిరంగా ఉంటే పెట్టుబడి పెట్టి దేశాన్ని బాగుచేస్తాడు. కలకత్తా కౌన్సిల్‌లో ఫిలిప్ ఫ్రాన్సిస్ వీళ్ళ రాతలు చదివినవాడు. 1776లోనే బెంగాల్‌కు శాశ్వత శిస్తు పథకం రాశాడు. 1793లో కార్న్‌వాలిస్ దాన్ని వేరే రూపంలో తెచ్చాడు. 1802 నుంచి ఉత్తర సర్కారుల్లో, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా, అదే పెట్టారు. పెట్టుబడి పెడతారనుకున్న జమీందార్లు చాలామంది అప్పులపాలై ఎస్టేట్లు వేలానికి పెట్టుకున్నారు. గుంటూరు జమీందారీలైతే నందన కరువు, 1832-33, తర్వాత లేవలేదు, సర్కారే తీసుకుంది. మిగతావి 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం దాకా సాగాయి.

పరీక్షలో బిట్ వస్తే మాత్రం కీలో ఏముందో అదే పెట్టండి. మెయిన్స్‌లో రాసేటప్పుడు తేదీలు వేసి రాయండి.

పాత_అడంగల్ | మంగళవారం, సాయంత్రం 5:10

బాబూ, మీది జమ్మలమడుగు అన్నావు కదా. మీ ఊరి డైగ్లాట్ నకలు తహసీల్దారు ఆఫీసులో లేకపోతే కలెక్టరేట్ రికార్డు రూములో అడుగు. సర్వే నంబరు రాసి అర్జీ పెట్టు. మీ పొలానికి ఏ తరం కట్టారో చూసి ఇక్కడ పెట్టు, ఎకరాకు ఎంత పంట అనుకుని ఆ రేటు వేశారో వెనక్కి లెక్కగట్టి చూద్దాం.